మడ అడవి బురదలో కొత్త మందు: ప్లేటు మీద కనిపించే జోనుకీ, మందుల షాపుకీ మధ్య ఎంత దూరం?

గుంటూరులో ఒక డయాగ్నస్టిక్ ల్యాబులో కల్చర్ ప్లేట్లు చూడటం నా ఉద్యోగం. యూరిన్, చీము, రక్తం లాంటి శాంపిళ్లను ప్లేటు మీద గీసి, రాత్రంతా ఇంక్యుబేటర్లో పెట్టి, పొద్దున తీసి ఏ క్రిమి పెరిగింది, అది ఏ మందుకు లొంగుతోంది, దేనికి లొంగడం లేదు అని రాసి పంపిస్తాం. లొంగితే ఎస్, లొంగకపోతే ఆర్. నేను చేరిన కొత్తలో రిపోర్టుకి మూడో నాలుగో ఆర్‌లు ఉండేవి. ఈమధ్య ఒక పెద్దావిడ యూరిన్ కల్చర్‌లో పై నుంచి వరసగా ఆర్‌లే టైపు చేసుకుంటూ వచ్చి, చివర రెండు ఇంజెక్షన్ల దగ్గర మాత్రం ఎస్ రాయగలిగాను. ఆవిడ కొడుకు కౌంటర్ దగ్గర రిపోర్టు పట్టుకుని "టాబ్లెట్‌తో తగ్గదా అమ్మా" అని అడిగితే ఏం చెప్పాలో తోచలేదు.

"మడ అడవుల మట్టిలో మొండి క్రిములను చంపే బాక్టీరియా దొరికింది" అన్న వార్త ఎప్పుడు వచ్చినా మా చుట్టాల్లో ఎవరో ఒకరు నాకు పంపిస్తారు. "అక్కా, ఇది నిజమేనా? మన నిజాంపట్నం వైపు ఉండే మడేనా?" అని. అలాంటి వార్తలు చాలావరకు నిజమే. కాకపోతే అందులో 'చంపింది' అనే మాటకి ల్యాబులో ఒక అర్థం ఉంది, ఇంట్లో కూర్చుని చదివేవాళ్లకి ఇంకో అర్థం తడుతుంది. ఆ రెండింటికీ మధ్య ఎంత దూరం ఉందో, ఆ దూరం తెలిశాక కూడా ఆ బురద మీద నాకు ఎందుకు ఆశ ఉందో చెబుతాను.

మడ అంటే ఏ అడవి, యాంటీమైక్రోబియల్ అంటే ఏ మందు

సముద్రం పోటు మీద ఉన్నప్పుడు మునిగి, నీళ్లు తీసినప్పుడు బయటపడే బురద నేలల్లో పెరిగే చెట్ల గుంపే మడ అడవి. గుంటూరు నుంచి తెనాలి, రేపల్లె మీదుగా నిజాంపట్నం దాకా వెళ్తే (ఇప్పుడది బాపట్ల జిల్లా, 2022 దాకా మన జిల్లానే), లేదా విజయవాడ నుంచి అవనిగడ్డ మీదుగా నాగాయలంక, హంసలదీవి వైపు దిగితే కనిపించేది ఇదే. కృష్ణా అభయారణ్యం సుమారు 195 చదరపు కిలోమీటర్లు, అటు కాకినాడ దగ్గర కోరంగి ఇంకొంచెం పెద్దది. రాష్ట్రం మొత్తం మీద మడ 405 చదరపు కిలోమీటర్లని 2021 అటవీ సర్వే నివేదిక లెక్క. తెల్ల మడ, నల్ల మడ, పొన్న, తిల్ల ఇక్కడి చెట్లు. తిల్ల పాలు కంట్లో పడితే చూపు దెబ్బతింటుంది కాబట్టి పీతల వేటకు వెళ్లేవాళ్లు ఆ కొమ్మ విరవరు.

ఇక మందుల మాట. యాంటీబయోటిక్ అంటే మామూలు వాడుకలో బాక్టీరియా మీద పనిచేసేది. యాంటీమైక్రోబియల్ అనేది దానికంటే పెద్ద గొడుగు, బాక్టీరియాతో పాటు ఫంగస్, వైరస్, మలేరియా లాంటి పరాన్నజీవుల మీద పనిచేసేవన్నీ దాని కిందికే వస్తాయి. అంటే వార్తలో 'యాంటీమైక్రోబియల్ గుణం' అని ఉంటే అది కాండిడా ఫంగస్ మీద కావచ్చు, చర్మం మీద ఉండే స్టాఫ్ (స్టాఫిలోకాకస్) అనే బాక్టీరియా మీద కావచ్చు, దేని మీదో చదివితేనే తెలుస్తుంది. ఇంకోటి, చేతికి రాసుకునే శానిటైజర్ కూడా క్రిముల్ని చంపుతుంది, కానీ దాన్ని తాగలేం కదా. క్రిమిని చంపడం వేరు, మనిషిని బతకనిచ్చి క్రిమిని చంపడం వేరు. కింద వచ్చే లెక్కలన్నీ ఈ తేడా చుట్టూనే తిరుగుతాయి.

ఆ నల్ల బురదలో బతకడం ఎందుకంత కష్టం

మడలో బురద తవ్వితే పైన ఒక పలుచని పొర గోధుమ రంగులో ఉంటుంది, దాని కింద అంతా నలుపు, కుళ్లిన కోడిగుడ్డు వాసన. ఆ వాసన హైడ్రోజన్ సల్ఫైడ్‌ది. గాలి అందని చోట, సముద్రపు నీళ్లలో ఉండే సల్ఫేటును ఆక్సిజన్‌కి బదులుగా వాడుకుని బతికే బాక్టీరియా దాన్ని వదులుతాయి, అది మట్టిలోని ఇనుముతో కలిసి నల్లబడుతుంది. తెల్ల మడ చెట్టు చుట్టూ పెన్సిళ్లు గుచ్చినట్టు పైకి లేచి ఉండే శ్వాస వేర్లు ఆ గాలి కోసమే. వేరును ఆనుకుని కాస్త ఆక్సిజన్ ఉంటుంది, వేలెడు దూరం జరిగితే అసలుండదు.

ఉప్పు సంగతి చూడండి. సముద్రపు నీళ్లలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు. మే నెలలో నీళ్లు ఆవిరై బురదలో అది అంతకంటే పెరుగుతుంది. అదే ఆగస్టులో ప్రకాశం బ్యారేజీ గేట్లు ఎత్తారంటే కృష్ణా వరద నీళ్లు పాయలన్నీ నిండి అదే బురద మీదుగా పోతాయి, వారం తిరిగేసరికి ఉప్పు బాగా పలచబడిపోతుంది. రోజుకి రెండుసార్లు పోటు, పాటు. పైన రాలే ఆకుల నిండా వగరు టానిన్లు, అవి చాలా క్రిములకు పడవు. అలాగని తిండికి లోటు లేదు, ఆకూ కొమ్మా పీత గుల్లా అన్నీ అక్కడే కుళ్లుతాయి.

తిండి ఉంది, కానీ పరిస్థితి గంట గంటకీ మారుతుంది, పక్కన పోటీదారులు కిక్కిరిసి ఉన్నారు. ఇలాంటి చోట ఒక జీవి పక్కదాన్ని రసాయనంతో అడ్డుకోగలిగితే దానికి లాభమే. శాస్త్రవేత్తలు మడ మట్టి వైపు చూడటానికి మొదటి కారణం ఈ ఊహ. ఇది తర్కంగా బాగుంది కానీ దీనికి ఇంకో వివరణ కూడా ఉంది. మట్టిలో సహజంగా ఉండే మోతాదుల్లో ఈ రసాయనాలు చాలాసార్లు చంపేంత ఉండవని, పక్క జీవులకు పంపే సంకేతాల్లా పనిచేస్తాయని, చాలా తక్కువ మోతాదులో యాంటీబయోటిక్ తగిలితే బాక్టీరియా చావకుండా తన జన్యువుల పనితీరు మార్చుకుంటుందని కొందరు చూపించారు. రెండూ నిజం కావచ్చు. మన మందుకి మాత్రం దాని అసలు ఉద్దేశంతో పెద్దగా పని లేదు, ఎక్కువ మోతాదులో చంపుతుందా లేదా అన్నదే కావాలి.

మట్టి నుంచి మందు తీసినవాళ్లలో మన భీమవరం మనిషి

మట్టిలోంచి మందేంటి అని ఆశ్చర్యపడేవాళ్లకి నేను ముందు చెప్పేది యల్లాప్రగడ సుబ్బారావు గారి గురించి. 1895లో భీమవరంలో పుట్టారు, అమెరికాలో లెడర్లే ల్యాబ్స్ అనే మందుల కంపెనీలో పరిశోధనకి పెద్దగా ఉన్నప్పుడు, ఆయన బృందంలోని బెంజమిన్ డగ్గర్ అనే వృక్షశాస్త్రవేత్త మిస్సోరిలోని ఒక పొలం మట్టి నుంచి బంగారు రంగు సూక్ష్మజీవిని పట్టుకున్నారు. స్ట్రెప్టోమైసిస్ ఆరియోఫేసియెన్స్ అని పేరు. దాని నుంచి వచ్చిందే 1948లో ప్రకటించిన ఆరియోమైసిన్, టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటిది. ఈ రోజు మన మందుల షాపుల్లో దొరికే డాక్సీసైక్లిన్ ఆ కుటుంబందే.

అంతకుముందే 1943లో అమెరికాలో వాక్స్‌మన్ అనే శాస్త్రవేత్త ల్యాబులో ఆల్బర్ట్ షాట్జ్ స్ట్రెప్టోమైసిన్‌ని మట్టి జీవి నుంచి తీశారు, టీబీకి మొదటి సరైన మందు అదే. ఎరిత్రోమైసిన్ ఫిలిప్పీన్స్ మట్టి నుంచి, వాంకోమైసిన్ బోర్నియో మట్టి నుంచి వచ్చాయి. వీటన్నిటి వెనకా ఉన్నది ఆక్టినోబాక్టీరియా అనే వర్గం. ఇవి బాక్టీరియానే కానీ ఫంగస్‌లా సన్నని దారాలుగా పెరుగుతాయి. తొలకరి చినుకు పడ్డప్పుడు వచ్చే మట్టి వాసన వీటిదే, జియోస్మిన్ అనే పదార్థం వల్ల. సహజంగా దొరికిన యాంటీబయోటిక్స్‌లో సగానికి పైగా ఈ ఒక్క వర్గం చలవే.

మడ మట్టిలో వెతికేవాళ్లు కూడా ముందు వీటి కోసమే చూస్తారు. మన పక్కనే ఉన్న ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం పరిశోధకులు నిజాంపట్నం మడ మట్టి నుంచి సూడోనోకార్డియా అనే ఆక్టినోబాక్టీరియాను తీసి, అది ఏ పరిస్థితుల్లో ఎక్కువ మందు పదార్థం తయారుచేస్తుందో చూసి 2010ల మొదట్లోనే ప్రచురించారు. (ఇదే వర్గపు బాక్టీరియాను అమెరికా ఖండాల అడవుల్లో ఆకులు కోసే కొన్ని జాతుల చీమలు ఒంటి మీద పెంచుకుంటాయి, తాము సాగుచేసే ఫంగస్ తోటకి తెగులు రాకుండా. నాకు ఎంతో ఇష్టమైన విషయం ఇది.) సుందర్బన్స్ మడ నుంచి దొరికిన ఒక కొత్త జాతికి 2011లో స్ట్రెప్టోమైసిస్ సుందర్బన్సెన్సిస్ అని ఆ అడవి పేరే పెట్టారు. మలేషియా మడ మట్టిలో దొరికిన స్ట్రెప్టోమైసిస్ ప్లూరిపోటెన్స్ అనే జాతి, మెథిసిలిన్ అనే యాంటీబయోటిక్‌కి లొంగని స్టాఫ్‌ను కూడా ప్లేటు మీద ఆపగలిగింది.

గ్రాము మట్టి నుంచి ప్లేటు దాకా

ఈ పని ఎలా చేస్తారో చెప్తే వార్తల్లోని అంకెలు అర్థమవుతాయి. గ్రాము మట్టిని 9 మిల్లీలీటర్ల శుభ్రమైన నీళ్లలో కలిపితే పది రెట్లు పలచనవుతుంది. అందులోంచి 1 మిల్లీలీటరు తీసి ఇంకో 9లో కలిపితే వంద రెట్లు, మళ్లీ చేస్తే వెయ్యి రెట్లు. ఆ చివరి దానిలోంచి 0.1 మిల్లీలీటరు ప్లేటు మీద పరుస్తారు. ప్లేటులో గంజిపిండి, కేసిన్ లాంటివి ఉంటాయి, సముద్రపు నీళ్లతో కలిపి చేస్తారు, ఫంగస్ కమ్మేయకుండా ఒక మందు కూడా వేస్తారు. మా ల్యాబులో రాత్రికి రాత్రే క్రిమి పెరుగుతుంది కానీ ఆక్టినోబాక్టీరియాకి వారం నుంచి రెండు వారాలు ఆగాలి. చివరికి సున్నం చల్లినట్టు పొడిపొడిగా, ప్లేటుకి గట్టిగా అతుక్కుపోయిన చుక్కలు కనిపిస్తాయి.

42 చుక్కలు వచ్చాయనుకుందాం. 0.1 మిల్లీలీటరే పరిచాం కాబట్టి 10తో గుణించాలి, వెయ్యి రెట్లు పలచన చేశాం కాబట్టి 1000తో గుణించాలి. 42 × 10 × 1000 అంటే 4,20,000. గ్రాము మట్టిలో ఇన్ని పెరగగల జీవులు ఉన్నాయన్నమాట. కానీ అదే మట్టిని రంగు వేసి మైక్రోస్కోపు కింద లెక్కపెడితే కోట్లలో కనిపిస్తాయి. మట్టిలో ఉన్నవాటిలో మనం ప్లేటు మీద పెంచగలిగేది సుమారు ఒక శాతమే అని చాలాకాలంగా వాడుకలో ఉన్న అంచనా. మిగతా 99కి మనం పెట్టే తిండి నచ్చదో, పక్కన తోడు జీవి ఉండాలో, ఏదో ఒకటి.

జోన్ పెద్దదైతే మందు గొప్పదా

ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుదాం, ఎందుకంటే వార్తలు ఎక్కువగా తప్పుదారి పట్టేది ఇక్కడే.

పెరిగిన జీవిని ద్రవంలో పెంచి, దాని రసాన్ని సాల్వెంట్‌తో లాగి, ఆ రసాన్ని చిన్న కాగితపు బిళ్లకి పట్టించి, స్టాఫ్‌ను పరిచిన ప్లేటు మీద పెడతారు. రసంలో మందు ఉంటే బిళ్ల చుట్టూ స్టాఫ్ పెరగదు, అద్దంలా తేటగా ఒక వలయం కనిపిస్తుంది. అదే జోన్. మేం రోజూ స్కేలు పెట్టి కొలిచేదీ అదే. 'చంపింది' అని వార్తలో రాసేది నూటికి తొంభై సార్లు ఈ వలయాన్ని చూసే. నిజానికి వలయం చెప్పేది పెరుగుదల ఆగిందని మాత్రమే, చచ్చిందో లేదో తెలియాలంటే ఇంకో పరీక్ష చెయ్యాలి.

ఒక రసానికి 14 మిల్లీమీటర్ల జోన్, ఇంకోదానికి 22 వచ్చాయనుకోండి. 22 వచ్చినదే బలమైనదని చెప్పలేం. చిన్న అణువైతే జిగురులాంటి ఆ పదార్థంలో త్వరగా పాకి పెద్ద వలయం చేస్తుంది, పెద్ద అణువు బలంగా ఉన్నా కదలలేక చిన్న వలయం దగ్గరే ఆగిపోతుంది. వాంకోమైసిన్ అలాంటిదే, పెద్ద అణువు కాబట్టి స్టాఫ్‌కి అది పనిచేస్తుందో లేదో బిళ్లతో తేల్చకూడదని మాకు నియమమే ఉంది.

అందుకే తర్వాతి మెట్టు ఎంఐసీ. క్రిమి పెరుగుదలని ఆపడానికి కావలసిన కనీస మోతాదు అది. మందును వరసగా సగం సగం చేస్తూ 64, 32, 16, 8, 4, 2 మైక్రోగ్రాములు (మిల్లీలీటరుకి) ఉన్న గుంటల్లో క్రిమిని వేస్తారు. 8 దాకా తేటగా ఉండి, 4 దగ్గర మబ్బుగా కనిపిస్తే ఎంఐసీ 8.

ఇప్పుడు లెక్క చూడండి. మడ జీవి రసం ఎంఐసీ మిల్లీలీటరుకి 2 మిల్లీగ్రాములు అని ఒక పేపరులో ఉందనుకుందాం. అరవై కిలోల మనిషి ఒంట్లో నీళ్లు సుమారు 36 లీటర్లు. ఒళ్లంతా ఆ మోతాదు ఉండాలంటే లీటరుకి 2 గ్రాముల చొప్పున 72 గ్రాములు ఎక్కించాలి, అది కుదిరే పని కాదు. అదే ఎంఐసీ 8 మైక్రోగ్రాములైతే 36 లీటర్లకి 288 మిల్లీగ్రాములు, అంటే ఒక టాబ్లెట్ సైజు. మందు ఒంట్లో అన్నిచోట్లా సమంగా ఉండదు కాబట్టి ఇది మోటు లెక్కే, కానీ మిల్లీ, మైక్రో అన్న ఒక్క మాట తేడాకి లెక్క ఎంతలా మారిపోతుందో చూపిస్తుంది. వార్తల్లో ఈ అంకె దాదాపు ఎప్పుడూ ఉండదు.

అలాగని 2 మిల్లీగ్రాములు అన్న పేపరును పక్కన పడేయడం కూడా సరికాదు. అది శుద్ధి చేయని రసం, అందులో చక్కెరలూ ప్రొటీన్లూ రంగులూ అన్నీ ఉంటాయి. అసలు మందు పదార్థం అందులో ఒక్క శాతమే అయితే దాని నిజమైన ఎంఐసీ 20 మైక్రోగ్రాములు. శుద్ధి చేసే ఓపిక, డబ్బు, యంత్రాలు ఉంటేనే అది బయటపడుతుంది, మన చిన్న యూనివర్సిటీ ల్యాబుల్లో చాలా పరిశోధనలు ఆగిపోయేది ఈ మెట్టు దగ్గరే. పని చేతకాక ఆగడం కాదది, ఆ యంత్రాలు అక్కడ లేకపోవడం.

శుద్ధి అయ్యాక మనిషి కణాల మీద పరీక్ష. ఎంఐసీ 8 ఉండి, మన కణాలు 10 దగ్గరే చస్తుంటే అది మందు కాదు, విషం. మన కణాలు 800 దాకా బాగుంటే వంద రెట్ల తేడా ఉంది, ముందుకి వెళ్లొచ్చు. ఆ తర్వాత ఎలుకలు, ఆ తర్వాత మూడు దశల్లో మనుషుల మీద పరీక్షలు, కలిపి పదేళ్లు దాటిపోవడం మామూలే.

ఇంకొక్కటి. ఆ జోన్ ఏ క్రిమి మీద వచ్చింది? బాక్టీరియాను గ్రామ్ పాజిటివ్, గ్రామ్ నెగటివ్ అని రెండు రకాలుగా చూస్తాం. నెగటివ్ వాటికి బయట ఇంకో పొర ఎక్కువ ఉంటుంది, చాలా మందుల్ని అది లోపలికి రానివ్వదు, పొరపాటున వచ్చినవాటిని బయటికి తోసే పంపులు కూడా ఉంటాయి. మొదట చెప్పిన పెద్దావిడ రిపోర్టులో ఉన్నది క్లెబ్సియెల్లా, గ్రామ్ నెగటివ్. మట్టి జీవుల రసాలు ఎక్కువగా స్టాఫ్, బాసిల్లస్ లాంటి పాజిటివ్ వాటి మీద బాగా పనిచేస్తాయి. కాబట్టి స్టాఫ్ మీద వచ్చిన జోన్ చూసి ఆవిడకు మందు దొరికిందని అనుకోకూడదు.

దొరికిందే మళ్లీ దొరికితే

1940ల నుంచి 60ల దాకా మందులు వరసగా వచ్చి, తర్వాత ఎందుకు ఆగిపోయాయి? మట్టి అయిపోలేదు. దొరికినవే మళ్లీ మళ్లీ దొరకడం మొదలైంది. మామూలు మట్టి నుంచి తీసిన ప్రతి వంద ఆక్టినోబాక్టీరియాలో సుమారు పది స్ట్రెప్టోథ్రిసిన్ అనే పాత విషపదార్థాన్ని చేస్తాయని, ఒకటి స్ట్రెప్టోమైసిన్ చేస్తుందని ఈ రంగంలో ఒక స్థూల అంచనా ఉంది. అంటే వెయ్యి జీవుల్ని తీస్తే వాటిలో వంద జీవులు ఒక పాతదాన్ని, పది జీవులు ఇంకో పాతదాన్ని చేస్తాయి. డాప్టోమైసిన్ లాంటి అరుదైనది మాత్రం కోటిలో ఒకటో రెండో. నెలల తరబడి కష్టపడి శుద్ధి చేశాక "ఇది 1944లోనే తెలుసు" అని తేలితే ఏ కంపెనీ మాత్రం ఎన్నాళ్లు డబ్బు పెడుతుంది.

మడ వైపు చూడటానికి రెండో కారణం ఇక్కడుంది, నా దృష్టిలో మొదటిదానికంటే ఇది బలమైనది. పొలం మట్టిని డెబ్బై ఎనభై ఏళ్లుగా జల్లెడ పట్టారు, ఉప్పు బురదని అంతగా పట్టలేదు. అక్కడ వేరే జాతులుంటే వేరే రసాయనాలు ఉండే అవకాశం ఎక్కువ. కానీ ఇదీ అవకాశమే. మడ మట్టిలో పెరిగే ఆక్టినోబాక్టీరియాలో ఎక్కువ భాగం స్ట్రెప్టోమైసిస్ ప్రజాతివే, పొలాల్లో దొరికేదీ అదే. అందుకని ఈ రోజుల్లో మంచి ల్యాబులు శుద్ధికి దిగక ముందే, మాస్ స్పెక్ట్రోమీటర్‌లో రసాన్ని పెట్టి అణువుల బరువులు చూసి, తెలిసిన పదార్థాల జాబితాతో పోల్చి పాతవాటిని ముందే తీసేస్తున్నారు.

జన్యువులు ఉన్నా పలకనివి

2002లో స్ట్రెప్టోమైసిస్ కోయెలికలర్ జన్యుక్రమం మొత్తం చదివినప్పుడు అందరికీ ఆశ్చర్యం. అప్పటిదాకా అది చేసే పదార్థాలు కొన్నే తెలుసు, జన్యువుల్లో చూస్తే ఇలాంటి రసాయనాలు తయారుచేసే జన్యు సమూహాలు ఇరవైకి పైగా ఉన్నాయి. ల్యాబు తిండి తింటూ సుఖంగా ఉన్నప్పుడు వాటిలో చాలావాటిని అది వాడనే వాడదు. అందుకే ఒకే జీవిని ఉప్పు మార్చి, తిండి మార్చి, వేరే బాక్టీరియాతో కలిపి పెంచి చూస్తున్నారు. పోటు పాట్లకి అలవాటుపడ్డ మడ జీవిని నల్లా నీళ్లతో చేసిన ప్లేటు మీద పెంచి 'ఏమీ చేయలేదు' అని రాయడం ఎంత తొందరపాటో దీన్నిబట్టి తెలుస్తుంది.

పెరగని 99 శాతానికి కూడా దారులున్నాయి. ఒక్కో కణాన్ని ఒక్కో చిన్న గదిలో పెట్టి, సన్నని పొరతో మూసి, తిరిగి ఆ మట్టిలోనే పాతిపెట్టే ఐచిప్ అనే పరికరంతో 2015లో టెయిక్సోబాక్టిన్ అనే కొత్త యాంటీబయోటిక్ బయటపడింది. ఆ మట్టి అమెరికాలోని ఒక గడ్డిమైదానంది. అదీ గ్రామ్ పాజిటివ్ క్రిముల మీద పనిచేసేదే, ఇంకా మందుగా రాలేదు.

ఈ వెతుకులాట దండగ అనేవాళ్లు ఏమంటారు

వాళ్ల వాదనలో బలం ఉంది. వేల పేపర్లు వచ్చాయి, మడ మట్టి నుంచి షాపుకు చేరిన యాంటీబయోటిక్ ఇంకా లేదు. బురదలో చేతులు పెట్టే బదులు కంప్యూటరుతో వెతకండి అంటారు. 2020లో ఎంఐటీ పరిశోధకులు కృత్రిమ మేధతో రసాయనాల జాబితాలు జల్లించి హాలిసిన్ అనే అణువులో యాంటీబయోటిక్ గుణం పట్టుకున్నారు, అది మొదట షుగరు వ్యాధి కోసం చూసిన పదార్థం. దానికి అటువైపు వాళ్ల జవాబు: కంప్యూటరు వెతికేది మనం ఇచ్చిన జాబితాలోనే, బాక్టీరియా కోట్ల ఏళ్లుగా కట్టుకుంటూ వచ్చిన వంకరటింకర అణువుల్ని ఏ కెమిస్టూ కూర్చుని ఊహించి గీయలేడు. నాకు ఈ రెండూ పోటీగా అనిపించవు, బురదలో దొరికిన జన్యుక్రమాల్ని చదివి ఏది కొత్తదో చెప్పేది కూడా ఇప్పుడు కంప్యూటరే.

డబ్బు వాదన ఇంకా గట్టిది. కొత్త యాంటీబయోటిక్ వస్తే డాక్టర్లు దాన్ని దాచి, వేరే ఏదీ పనిచేయనప్పుడే వాడాలి, వాడినా వారం పది రోజులే. బీపీ మాత్రలా జీవితాంతం అమ్ముడుపోదు. అకేయోజెన్ అనే అమెరికా కంపెనీ ప్లాజోమైసిన్‌కి 2018లో అనుమతి తెచ్చుకుంది, మరుసటి ఏడాదికే దివాలా తీసింది. మందు మంచిదే, కంపెనీ నిలవలేదు. మడ బురదలో అద్భుతం దొరికినా ఈ చిక్కు అలాగే ఉంటుంది, అది సైన్సుతో తీరేది కాదు. మరోవైపు 2019లో మందులకు లొంగని బాక్టీరియా ఇన్ఫెక్షన్ల వల్ల నేరుగా 12.7 లక్షల మంది చనిపోయారని లాన్సెట్‌లో వచ్చిన ప్రపంచ అంచనా. ఆర్‌లు రాసే చేతికి ఆ అంకె చదవడం కష్టంగా ఉంటుంది.

అదే బురదలో రెసిస్టెన్స్ కూడా ఉంది

యాంటీబయోటిక్ తయారుచేసే బాక్టీరియా ముందు తన మందుకు తాను చావకుండా చూసుకోవాలి, కాబట్టి ఆ మందుకి లొంగకుండా కాపాడే రెసిస్టెన్స్ జన్యువు సాధారణంగా దాని దగ్గరే ఉంటుంది. 30,000 ఏళ్ల నాటి గడ్డకట్టిన నేలలో కూడా అలాంటి జన్యువులు దొరికాయి, అంటే ఇది మనం మందులు కనిపెట్టాక పుట్టింది కాదు. మనం చేసింది దాన్ని ఎగదోయడం. డెల్టా డ్రెయిన్లలో చాలావరకు ఊళ్ల మురుగునీ చెరువుల నీళ్లనీ మోసుకుని చివరికి చేరేది మడ దగ్గరికే. రొయ్యల సాగులో క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్లు వాడకూడదని నిషేధం ఉన్నా, అవి బయటపడి ఎగుమతి సరుకు వెనక్కి వచ్చిన సందర్భాలు ఉన్నాయి. ఇలా చేరిన మందుల మధ్య బురదలోని బాక్టీరియా ఒకదానికొకటి జన్యువులు ఇచ్చిపుచ్చుకుంటాయి. అందువల్ల మడ జీవిలో మంచి రసం దొరికితే, దాంతో పాటు దాని రెసిస్టెన్స్ జన్యువు ఏది, అది ఇప్పటికే ఆసుపత్రి క్రిముల్లోకి చేరిందా అన్నది కూడా మొదటి రోజే చూడాలి.

ఆ జీవి ఎవరి సొత్తు

అభయారణ్యంలో పిడికెడు బురద తీయాలన్నా అటవీశాఖ అనుమతి కావాలి. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం సూక్ష్మజీవులు కూడా దేశ జీవ వనరులే. విదేశీ సంస్థలు వాటిని తీసుకోవాలంటే చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య సంస్థ ముందస్తు అనుమతి తీసుకోవాలి, వాటి మీద పేటెంటు తీసుకునేటప్పుడు కూడా ఆ సంస్థ పాత్ర ఉంటుంది, లాభం వస్తే పంచాలి. 2023లో చట్టాన్ని సవరించి కొన్ని నియమాలు సడలించారు. పరిశోధన త్వరగా జరుగుతుందని కొందరు, స్థానికుల వాటా పలచబడుతుందని కొందరు. నిజాంపట్నం, నాగాయలంక వైపు మడలో పీతలు పట్టి బతికే యానాదుల దాకా ఆ వాటా ఎలా చేరుతుంది అన్నదానికి సూక్ష్మజీవుల విషయంలో జవాబు అంత తేలిక కాదు, ఎందుకంటే మూలికలా అది వాళ్లు తరతరాలుగా వాడుతున్నది కాదు, కానీ ఆ అడవి నిలిచి ఉండటంలో వాళ్ల పాత్ర ఉంది.

చివరికి, ఈమధ్య అలాంటి వార్త ఒకటి పంపిన మా చుట్టాల పిల్లకి నేను పంపిన జవాబు ఇది: "నిజమే. ఏ క్రిమి మీద చూశారు, శుద్ధి చేసిన పదార్థమా రసమా, ఎంఐసీ మైక్రోగ్రాముల్లో ఉందా మిల్లీగ్రాముల్లోనా, మనిషి కణాల మీద చూశారా, ఈ నాలుగూ ఆ వార్తలో ఉన్నాయేమో చూడు." తను చూసి, స్టాఫ్ మీద జోన్ అని మాత్రమే ఉందని రాసింది. ఆ జీవిని ఎక్కడన్నా భద్రపరిచారా అని కూడా చూడమన్నాను. చండీగఢ్‌లో, పుణెలో ఇలాంటి జీవుల్ని నంబరు వేసి చల్లగా దాచే సంస్థలున్నాయి, ఏ ఊరు, ఏ పాయ, ఏ చెట్టు కింద తీశారో దాని పక్కనే రాసి ఉంటుంది. ఇరవై ఏళ్ల తర్వాత మెరుగైన యంత్రం ఉన్నవాళ్లెవరైనా దాన్ని బయటికి తీసి మళ్లీ పెంచి చూడొచ్చు, ఆ చెట్టు ఉన్న చోట అప్పటికి రొయ్యల చెరువు ఉన్నా సరే.